ఇంగ్లిష్ బాగానే ఉంది... ఇంతకీ ఏం కావాలి?

మొన్నామధ్య ఒక ఆదివారం రాత్రి షార్జాలో మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆఫీసుకు మెయిల్ రాస్తున్నాను. టీమ్‌లోకి ఇంకో ఇద్దరిని తీసుకోవాలి. దానికి పైవాళ్ల అనుమతి కావాలి. గంటన్నర కష్టపడ్డాను. ప్రాజెక్టు ఎప్పుడు మొదలైంది, ఎవరు వచ్చారు, ఎవరు మానేశారు, పని ఎలా పెరుగుతూ వచ్చింది... అన్నీ వరసగా పెట్టాను. వ్యాకరణ దోషం ఒక్కటి లేదు. పక్కన హోంవర్క్ చేసుకుంటున్న మా అమ్మాయి తల తిప్పి స్క్రీన్ మీద ఉన్నదంతా చదివింది.

"బాగుంది నాన్నా. ఇంతకీ వాళ్లను ఏం చేయమంటున్నావు?" అంది.

"కింద ఉంది చూడు" అన్నాను. చివరి నుంచి రెండో లైనులో ఉంది.

"అది పైన కదా ఉండాలి?"

తను చదివేది బ్రిటిష్ సిలబస్ బడి. అక్కడ వ్యాసంలో ప్రతి పేరా మొదట పాయింట్ చెప్పాలట, తర్వాత సాక్ష్యం, ఆ తర్వాత వివరణ. పాయింట్ చెప్పకుండా కథ మొదలుపెడితే మార్కులు పోతాయట. ఎంటెక్ చదివి, ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు అనబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఒకసారి చెప్పారు. బాగా ఖరీదైన పద్ధతిలో చెప్పారు.

అది కొన్నేళ్ల కిందటి మాట. అప్పట్లో నేను పనిచేసిన సంస్థ వేరే కంపెనీలకు జీతాల సాఫ్ట్‌వేర్ నడిపేది. యూఏఈలో ఉన్నవాళ్లకు డబ్ల్యూపీఎస్ గురించి చెప్పక్కర్లేదు. 2009 నుంచి ప్రైవేటు కంపెనీల జీతాలు బ్యాంకుల ద్వారానో ఎక్స్ఛేంజ్ హౌసుల ద్వారానో ఆ వ్యవస్థలోంచే వెళ్లాలి. ప్రతి నెలా ఎస్ఐఎఫ్ ఫైలు తయారై బ్యాంకుకు వెళ్తేనే కార్మికుడి కార్డులో డబ్బు పడుతుంది. ఆ ఫైళ్లు తయారుచేసే సర్వర్‌లో చోటు నిండిపోతోందని నాకు నెలాఖరుకు మూడు వారాల ముందే తెలుసు. మెయిల్ కూడా రాశాను. సర్వర్ ఎప్పుడు కొన్నామో మొదటి పేరాలో, దాని మీద చేసిన అప్‌గ్రేడ్లు రెండో పేరాలో, మార్కెట్లో ఉన్న ప్రత్యామ్నాయాలు మూడు నాలుగు పేరాల్లో. ఆరో పేరాలో మాత్రం, నెలాఖరు ప్రాసెసింగ్ సమయంలో కొంత ఇబ్బంది తలెత్తే అవకాశం లేకపోలేదని, తగిన చర్య తీసుకోగలరని ముగించాను.

ఎవరూ తగిన చర్య తీసుకోలేదు. నెలాఖరున సిస్టం ఆగిపోయింది. రెండు రోజులపాటు కొన్ని కంపెనీల జీతాల ఫైళ్లు కదల్లేదు. ఆ ఫైళ్లలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది కట్టడాల దగ్గర పనిచేసేవాళ్లు. ఒకటో తారీఖు కోసం వాళ్లెలా చూస్తారో, ఇంటి నుంచి ఫోన్లు ఎలా వస్తాయో ఇక్కడున్న మనందరికీ తెలుసు.

తర్వాత సమీక్షా సమావేశం. నేను ధీమాగా వెళ్లాను. నా దగ్గర మెయిల్ ఉంది కదా! "మూడు వారాల ముందే చెప్పాను" అన్నాను. మా డైరెక్టర్ కోప్పడలేదు. ఆ మెయిల్‌ను పెద్ద స్క్రీన్ మీద పెట్టించి, గదిలో ఉన్న నలుగురినీ ఒక నిమిషం చదవమన్నాడు. "ఇతను మనల్ని ఏం అడుగుతున్నాడు?" అన్నాడు. కొత్త సర్వర్ కొనమంటున్నాడని ఒకరు, క్లౌడ్‌కు మారదామంటున్నాడని ఇంకొకరు, ఊరికే సమాచారం ఇస్తున్నాడని మూడో ఆయన. నాలుగో ఆవిడ మర్యాదస్తురాలు. ఏమీ మాట్లాడలేదు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడిని చూసి మనం నవ్వుతాం. తప్పు విన్నవాడిదేనా, చెప్పినవాడిది కూడానా అని ఆ రోజు మొదటిసారి అనుమానం వచ్చింది.

ఈ జబ్బు మనకే ప్రత్యేకం కాదు. 1940 ఆగస్టులో, బ్రిటన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో చర్చిల్ తన మంత్రివర్గానికి ఒక మెమో పంపాడు. అది యుద్ధవ్యూహం గురించి కాదు. రిపోర్టులు పొట్టిగా, అసలు అంశాలు కనబడేలా రాయమని. ఇంగ్లిష్ మాతృభాషగా పుట్టినవాళ్లకే ఆ మాట చెప్పాల్సి వచ్చింది. 2004లో అమెజాన్‌లో జెఫ్ బెజోస్ పైస్థాయి సమావేశాల్లో పవర్‌పాయింట్ వద్దని, పూర్తి వాక్యాల్లో మెమో రాసుకు రమ్మని ఆదేశించాడు. అక్కడ సమావేశం మొదట్లో అందరూ మౌనంగా కూర్చుని దాన్ని చదువుతారు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది కొలంబియా వ్యోమనౌక ఉదంతం. 2003 జనవరి 16న అది బయలుదేరిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు ఇంకా అంతరిక్షంలో ఉండగానే ఇంజినీర్లు ఆ దెబ్బను అంచనా వేసి నాసా అధికారులకు స్లైడ్లు చూపించారు. ఒక స్లైడ్ శీర్షిక చదివితే ఫరవాలేదనే అనిపిస్తుంది. దాని కింద చిన్న అక్షరాల్లో, ఉపశీర్షికల కింద ఉపశీర్షికల్లో అసలు సంగతి ఉంది. పరీక్షలు చేసింది 3 ఘనపు అంగుళాల ముక్కతో, రెక్కకు తగిలిన ముక్క అంచనా 1,920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు. ఫిబ్రవరి 1న నౌక తిరిగివస్తూ ముక్కలైపోయింది. స్లైడ్ వల్లే ప్రమాదం జరిగిందని ఎవరూ అనలేదు. కానీ ప్రాణాలకు ముప్పు ఉందన్న సంగతి ఆ స్లైడ్ చదివిన పై అధికారికి తట్టకపోవచ్చని దర్యాప్తు బోర్డు తన నివేదికలో ప్రత్యేకంగా రాసింది. మా సర్వర్ గొడవను దానితో పోల్చడం పెద్ద మాటే. అయినా ఆ స్లైడ్‌ను చూసినప్పుడల్లా నా ఆరో పేరా గుర్తొస్తుంది. వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసినదాన్ని కింద పెట్టాం.

మనం ఎందుకిలా రాస్తాం? చాలాకాలం ఇంగ్లిష్ రాకపోవడం వల్లే అనుకున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం వాణ్ని. ఎంసెట్ రాసి ఇంజినీరింగ్‌లో చేరాక మొదటి సంవత్సరమంతా లెక్చరర్ల ఇంగ్లిష్ అర్థం కాక కొట్టుకుపోయిన బ్యాచ్ మాది. అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్‌కూ వెళ్లాను. అక్కడ టెన్సులు నేర్పారు, ఆర్టికల్స్ నేర్పారు, గ్రూప్ డిస్కషన్‌లో అవతలివాడి మాటకు అడ్డం పడటం ఎలాగో కూడా నేర్పారు. మనకేం కావాలో ఒక్క వాక్యంలో చెప్పమని మాత్రం ఎవరూ అడగలేదు.

అసలు పాఠం అంతకుముందే, పరీక్ష హాల్లో అయిపోయింది. వ్యాసరూప ప్రశ్న అంటే నిర్వచనం, ఉపోద్ఘాతం, పటం, లాభాలు, నష్టాలు, చివర ముగింపు. ఎన్ని అడిషనల్ షీట్లు కడితే అన్ని మార్కులని మా కాలేజీలో గట్టి నమ్మకం. షీట్ల కోసం లేచి నిలబడేవాణ్ని చూసి మిగతావాళ్లకు గుండె జారేది. పదహారేళ్లు అలా రాసిన చెయ్యి ఉద్యోగంలో చేరగానే మారుతుందా? ఇప్పటికీ మన మెయిళ్లు అడిషనల్ షీట్లే.

రెండో కారణం మన మర్యాద. ఎవరింటికైనా అప్పు అడగడానికి వెళ్తే గుమ్మంలోనే అడగం. ఆరోగ్యాలు, పిల్లల చదువులు, వానలు అన్నీ అయ్యాక, కాఫీ తాగి లేస్తూ లేస్తూ "అన్నట్టు బావగారూ..." అంటాం. అందులో ఒక అందం ఉంది. దాన్ని నేను వదులుకోమనను. అరబ్బుల దగ్గరా అంతే. మజ్లిస్‌లో కూర్చోబెట్టి గహ్వా పోసి, ఖర్జూరాలు పెట్టి, కుశలం అడిగాకే వ్యవహారం. ఎమిరాతీ క్లయింట్ ముందు కూర్చోగానే ల్యాప్‌టాప్ తెరిచే కుర్రాళ్లను చూస్తే నాకే ఇబ్బందిగా ఉంటుంది. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు నిదానమే మర్యాద. కాగితం మీద మాత్రం చదివేవాడి సమయం మిగల్చడం మర్యాద. ఈ రెండూ ఒకే ఆఫీసులో, ఒకే రోజు, ఒకే మనిషితో చేయాల్సిరావడమే దుబాయ్ ఉద్యోగంలో కష్టం.

మూడో కారణం ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంటుంది. భయం. "ఈ నెలాఖరుకు సిస్టం ఆగిపోతుంది, ఇంత డబ్బు ఇవ్వండి" అని మొదటి వాక్యంలో రాస్తే ఆ మాట నాదైపోతుంది. ఆగకపోతే నవ్వులపాలవుతాను. డబ్బు అడిగినందుకు ఫైనాన్స్ వాళ్లు పట్టుకుంటారు. అదే చరిత్రంతా చెప్పి, "అవకాశం లేకపోలేదు" అని వదిలేస్తే నిర్ణయం వాళ్లది, "ముందే చెప్పాను" అనే హక్కు నాది. పాము చావకుండా, కర్ర విరగకుండా. ఆ మెయిల్‌ను ఇప్పుడు నిజాయితీగా చదువుకుంటే, అది సర్వర్‌ను కాపాడటానికి రాసింది కాదు. నన్ను నేను కాపాడుకోవడానికి రాసింది. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉన్నచోట, పిల్లల ఫీజులు కట్టాల్సినచోట ఆ భయం అర్థంలేనిది కాదు. కానీ దాని ఖర్చు ఎవరు భరించారో పైన చెప్పాను.

ముందు విషయం చెప్పడం తెల్లవాళ్ల పద్ధతి, మనది కాదు అనేవాళ్లు ఉన్నారు. వాళ్లకు నేను అన్నంభట్టును చూపిస్తాను. పదిహేడో శతాబ్దంలో కాశీలో స్థిరపడిన తెలుగు పండితుడని చెబుతారు. పిల్లలకు సులువుగా అర్థం కావాలని ఆయన రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ తర్కశాస్త్రంలో మొదటి పుస్తకం. అందులో వాదానికి ఐదు అవయవాలు. మొదటిది ప్రతిజ్ఞ. ప్రతిజ్ఞ అంటే మనకు బడిలో చెయ్యి చాచి చెప్పింది గుర్తొస్తుంది, తర్కంలో అర్థం వేరు. నేను నిరూపించబోయేది ఇదీ అని ముందే చెప్పడం. కొండ మీద నిప్పుంది. ఇది ప్రతిజ్ఞ. పొగ ఉంది కాబట్టి. ఇది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా. ఇది ఉదాహరణ. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. ఇది ఉపనయం. కాబట్టి నిప్పుంది. ఇది నిగమనం. ముగింపు చివర ఉన్నమాట నిజమే, కానీ అదే మాట మొదట్లోనూ ఉంది. వినేవాడు మధ్యలో తడుముకోడు.

నా మెయిల్‌ను ఆ మూసలో పోసి చూశాను. అంకెలు ఇక్కడ ఉజ్జాయింపుగా ఇస్తున్నాను. సర్వర్‌లో చోటు పెంచడానికి 18,000 దిర్హాములకు ఈ గురువారంలోపు మీ అనుమతి కావాలి, లేకపోతే నెలాఖరు జీతాల ప్రాసెసింగ్ ఆగిపోతుంది. ఎందుకంటే ఇప్పటికే 91 శాతం నిండింది, ఒక నెల జీతాలకు ఇంకో 12 శాతం చోటు పడుతుంది. జనవరిలో 97 శాతం దాటినప్పుడు నాలుగు గంటలు నిలిచిపోయింది. ఈసారి లెక్క 103కి తేలుతోంది. కాబట్టి గురువారంలోపు అనుమతి ఇవ్వండి. అంతే, ఐదు వాక్యాలు. ఇంగ్లిష్‌లో పెట్టడానికి పదో తరగతి ఇంగ్లిష్ చాలు. సర్వర్ పుట్టుపూర్వోత్తరాలు కావాలంటే కింద అతికించవచ్చు. కావాలన్నవాళ్లు చదువుతారు.

తర్కంలో ఇంకా పనికొచ్చే సరుకు ఉంది. పూర్వపక్షం అనే మాట ఉంది కదా. అవతలివాడి అభ్యంతరాన్ని వాడికన్నా ముందు మనమే బలంగా చెప్పి, జవాబివ్వడం. "వచ్చే క్వార్టర్‌కు వాయిదా వేద్దాం" అని ఫైనాన్స్ వాళ్లు అంటారని తెలిసినప్పుడు ఆ మాటను మెయిల్లోనే ఎత్తుకుని, వాయిదా వేస్తే ఏమవుతుందో ఒక అంకెతో చెబితే ఒక సమావేశం మిగులుతుంది. హేత్వాభాసాలు ఉన్నాయి. హేతువులా కనబడి హేతువు కానివి. "అందరూ క్లౌడ్‌కు వెళ్తున్నారు కాబట్టి మనమూ వెళ్లాలి" అనేది మా రంగంలో నిత్యం వినబడే హేత్వాభాసం. అందరూ వెళ్తున్నా మనకు అక్కర్లేకపోవచ్చు. ఇక వాదం సత్యం కోసం, జల్పం గెలుపు కోసం, వితండం అవతలివాణ్ని పడగొట్టడం కోసం. మొదటిది ఒక్కటే ఆఫీసులో పనికొస్తుంది. మూడోది ఇంట్లో కూడా పనికిరాదు, అనుభవం మీద చెబుతున్నాను.

ఇక ఇంగ్లిష్ సంగతి. ఇక్కడి ఆఫీసుల్లో ఇంగ్లిష్ చాలామందికి రెండో భాషే. ఒక సమావేశంలో ఈజిప్టు ఆయన, ఫిలిప్పీన్స్ ఆవిడ, మలయాళీ, పాకిస్థానీ, ఎమిరాతీ, నేను. ఒక్క బ్రిటిష్ ఆయన ఉంటే ఉంటాడు. అలాంటిచోట పెద్ద పదాలు, చమత్కారాలు ఎవరికీ అందవు. చిన్న వాక్యమే దొర. మనవాళ్లు ప్రేమగా వాడే "డూ ది నీడ్‌ఫుల్" తీసుకోండి. అవసరమైనది చేయండి. ఏది అవసరం? ఎవరు చేయాలి? ఎప్పటిలోగా? మూడూ చెప్పకుండా పని చెప్పగలిగే అద్భుతమైన వాక్యం అది! లక్షలు, కోట్లు కూడా అంతే. "టు ల్యాక్స్" అని రాస్తే సగం గది మొహాలు చూసుకుంటుంది. 200,000 అని రాయడమే మంచిది. "వీకెండ్‌లోపు" అనే మాట ఇంకా ప్రమాదం. 2022 జనవరి నుంచి ఇక్కడ ప్రభుత్వ కార్యాలయాలకు శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం ఒంటిపూట. మా షార్జా ప్రభుత్వానికి శుక్రవారం నుంచే సెలవు. రియాద్‌లోని క్లయింట్‌కు శుక్ర, శనివారాలు, ఆదివారం పొద్దున్నే ఆఫీసు. వారాంతం అంటే ఎవరి వారాంతం? తారీఖు రాస్తే గొడవ ఉండదు.

ఇదంతా చదివి, ఎంత చక్కగా చెప్పినా వినేవాడు మన పాస్‌పోర్టు చూసే వింటాడని కొందరు అంటారు. కాదనను. నేను చెప్పినప్పుడు పట్టించుకోని మాటనే వారం తర్వాత ఇంకో యాసలో ఇంకొకరు చెబితే తలలూపిన గదుల్లో నేనూ కూర్చున్నాను. వాక్యాల వరస మారిస్తే ఆ వివక్ష పోదు. కానీ మాట కాగితం మీద, తారీఖుతో, అంకెతో, మొదటి లైనులో ఉంటే దాన్ని వినలేదని తప్పించుకోవడం వాళ్లకు కష్టమవుతుంది. నా ఆరో పేరా వాళ్లకు ఆ అవకాశం ఇచ్చింది.

ఇప్పుడు ఏఐ ఉందిగా, అదే రాసిపెడుతుంది అని మా టీమ్ కుర్రాళ్ల ధైర్యం. నేనూ వాడతాను. ఇంగ్లిష్‌ను అది ఇస్త్రీ చేసినట్టు చేసిపెడుతుంది. కానీ మనకేం కావాలో మనమే తేల్చుకోకుండా దాని ముందు పెడితే, మన నాన్చుడునే ఇంకా తళతళలాడే భాషలో, ఇంకా రెండు పేరాలు పెంచి ఇస్తుంది. మొన్న ఒక కుర్రాడు అలాంటి మెయిల్ పంపితే పిలిచి, "ఇందులో ఏమడిగావో స్క్రీన్ చూడకుండా తెలుగులో చెప్పు తమ్ముడూ" అన్నాను. చెప్పలేకపోయాడు. అప్పటి నుంచి మా దగ్గర అదే పరీక్ష. మలయాళీ అయితే మలయాళంలో చెప్పుకోమంటాను. నాకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, వాడికి అర్థమైతే చాలు.

ఈ విద్య అవసరం నాలాంటివాళ్ల కన్నా ఎక్కువగా ఎవరికుందో నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక శుక్రవారం సాయంత్రం తెలిసినవాళ్ల ద్వారా సోనాపూర్ క్యాంపు నుంచి ఒకతను వచ్చాడు. జగిత్యాల దగ్గర ఊరు. చేతిలో రెండు పేజీల ఇంగ్లిష్ ఉత్తరం. డబ్బు తీసుకుని ఎవరో రాసిచ్చారు. "విత్ డ్యూ రెస్పెక్ట్ అండ్ హంబుల్ సబ్‌మిషన్" అని మొదలై, అతని పేదరికం, ఊళ్లో అప్పులు, ముసలి తల్లిదండ్రులు, కంపెనీ పట్ల అతని విధేయత, దేవుడి దయ... అన్నీ ఉన్నాయి. జీతం రాలేదన్న సంగతి రెండో పేజీ మధ్యలో ఉంది. ఎంత రావాలో అసలు లేదు.

నేను ఉత్తరం పక్కనపెట్టి, "ఏం కావాలి అన్నా నీకు?" అన్నాను.

"మూడు నెలల జీతం రావాలె సార్. నెలకు పన్నెండు వందలు. కాంట్రాక్టు కాయితం ఉన్నది, బ్యాంకు కాయితం ఉన్నది. పనిలకు పోయినట్టు సూపర్‌వైజర్ మెసేజులు ఫోన్ల ఉన్నయి."

ప్రతిజ్ఞ, హేతువు, సాక్ష్యం. ఊపిరి తీసుకునేలోగా చెప్పేశాడు. ఇంగ్లిష్ రాని మనిషి. నేను చేసిందల్లా దాన్ని అదే వరసలో ఇంగ్లిష్‌లో పెట్టడం. ఏప్రిల్, మే, జూన్ నెలల జీతం మొత్తం 3,600 దిర్హాములు నాకు రావాలి. కాంట్రాక్టులో నెలకు 1,200 అని ఉంది, ఇది కాపీ. ఆ మూడు నెలల్లో ఖాతాలో జమ లేదు, ఇది బ్యాంకు స్టేట్‌మెంట్. ఆ రోజుల్లో పనికి వెళ్లినట్టు ఇవి మెసేజులు. సగం పేజీ కూడా రాలేదు. "గింతేనా సార్? తల్లిదండ్రుల ముచ్చట రాయలేదేంది?" అని అతను కాస్త దిగులుపడ్డాడు. ఫిర్యాదు చూసే అధికారికి జాలి కన్నా అంకె ఎక్కువ పనికొస్తుందని నచ్చజెప్పాల్సి వచ్చింది. ఇలాంటి ఫిర్యాదు ముందు మానవ వనరులు, ఎమిరటైజేషన్ మంత్రిత్వ శాఖకు వెళ్తుంది. 2024 నుంచి 50,000 దిర్హాముల లోపు వివాదాల్లో ఆ శాఖే తుది నిర్ణయం ఇవ్వగలదు. అంటే మనవాళ్లలో చాలామంది గొడవలు కోర్టు మెట్లు ఎక్కకుండానే, కాగితాల మీదే తేలే వీలుంది. అబూధాబీ కార్మిక న్యాయస్థానాల్లో 2019 నుంచి అరబ్బీ, ఇంగ్లిష్‌తో పాటు హిందీని కూడా చేర్చారు. తెలుగు లేదు. కాబట్టి మన మనిషి మాట ఇంకో భాషలోకి మారక తప్పదు. మారేటప్పుడు అంకె, తారీఖు జారిపోకుండా చూసేవాళ్లు ఒకరు పక్కన ఉండాలి.

ఉగాదికి, బతుకమ్మకు, సంక్రాంతికి మన సంఘాలు ఇక్కడ పెద్ద పెద్ద హాళ్లు తీసుకుంటాయి. పాటలు, నాట్యాలు, పులిహోర, సన్మానాలు. అవి ఉండాలి. వాటితో పాటు నెలకొక శుక్రవారం, ఒక గది, రెండు ల్యాప్‌టాప్‌లు, ఇంగ్లిష్ వచ్చిన నలుగురు. ఆఫీసు మెయిల్ చూపించుకునే కొత్త ఉద్యోగులు ఒకవైపు, క్యాంపుల నుంచి కాగితాలు పట్టుకొచ్చేవాళ్లు ఇంకోవైపు. ఖర్చు చాయ్ ఖర్చే. న్యాయసలహా ఇవ్వమనడం లేదు, దానికి కాన్సులేట్ ఉంది, లాయర్లు ఉన్నారు. వాళ్ల దగ్గరికి పట్టుకెళ్లే కాగితంలో మొదటి లైను సరిగ్గా ఉండేలా చూడటం మనమూ చేయగలం. పదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. మా అమ్మాయి నాకన్నా బాగా చేస్తుంది.

జగిత్యాల అన్నకు రెండు నెలల జీతం వచ్చింది. మూడో నెలది ఇంకా తిరుగుతున్నాడు. మొన్న శుక్రవారం మళ్లీ వచ్చాడు, ఈసారి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని. మంచినీళ్లు ఇచ్చి కూర్చోమంటే వాళ్లలో పెద్దాయన కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "ఆరేండ్లు పనిచేసిన సార్. గ్రాట్యుటీ రావాలె. లెక్క జెయ్యాలె."

కాగితాలు టేబుల్ మీద పరిచాడు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆ తర్వాతి ఏడాదికి 30 రోజులది. మా అమ్మాయి కాలిక్యులేటర్ తెచ్చుకుంది.